బుడిపెలు లేని వేర్లు

రవళిని తన ల్యాబులోనే పెట్టి బయట తాళం వేశారు. కరెంటు కూడా ఎవరో తీసేయడంతో లోపల ఉక్కపోత. కిటికీ ఊచల అవతల పిట్లం రైతులు గుంపుగా నిలబడ్డారు. సోయా గింజలకు పట్టించమని ఆమె ఇచ్చిన రైజోబియం పొడిలో సూక్ష్మజీవులే లేవనీ, అమ్మింది ఉత్త బొగ్గుపొడి అనీ వాళ్ల కోపం. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే బుడిపెలు వేర్లకు రాలేదు. చేలు పసుపుబారిపోయాయి.

"నకిలీదని ఒప్పుకొని సంతకం చెయ్, చెల్లె. తాళం తీస్త," అన్నాడు ఎరువుల దుకాణం మధుకర్.

సంతకం చేస్తే ల్యాబు మూతపడుతుంది. చేయకపోతే ఈ గదిలోనే మగ్గాలి. రవళికి ఏడుపు ముంచుకొచ్చింది. బస్టాండు దగ్గర ఆఫీసు నడిపే డిటెక్టివ్ సుచరితకు ఫోను చేసింది.

సుచరిత వెంట అసిస్టెంటు సాగర్ కూడా వచ్చాడు. తాళం చూడగానే అతనికి చేతులు దురద పెట్టాయి.

"పగలగొట్టమంటారా మేడం?"

"పగలగొడితే రవళి బయటికొస్తది. నింద మాత్రం ఆమె మీదనే ఉంటది," అని సుచరిత రైతుల వైపు తిరిగింది. "అందరి చేను గిట్లనే అయిందా?"

"పెంటవ్వది తప్ప," అన్నాడు ఎల్లన్న అనే రైతు.

వెనకనున్న ముసలమ్మ చేతిలో సోయా మొక్కతో ముందుకొచ్చింది. "పొద్దటిసంది చెప్తున్న, ఎవరూ ఇంటలేరు. నా చేను మంచిగుంది."

ఆ మొక్క వేర్ల నిండా బుడిపెలే. సుచరిత ఒకటి గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది. సూక్ష్మజీవులు బతికి పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తు.

"పొడి యాడ తెచ్చినవ్ అవ్వా?"

"ఈ పిల్ల కాడనే. ఎల్లన్నదీ నాదీ ఒక్క పెట్టెలకెల్లి తీసిచ్చింది."

"గింజలకెట్ల పట్టించినవ్?"

"ఇంట్ల బెల్లం కాగవెట్టి, సల్లారినంక కలిపిన."

"మరి నువ్వెట్ల పట్టించినవ్, ఎల్లన్నా?"

"మధుకర్ సేటు అందరికీ బెల్లం పానకం డబ్బాలు పైసలు తీస్కోకుంట ముఫత్‌ల ఇచ్చిండు. గదే పోసినం," అంటూ ఎల్లన్న, పొడి సరిగ్గానే పట్టించామని సాక్ష్యానికి తెచ్చిన డబ్బా చూపించాడు. అందులో ఇంకా సగం ఉంది.

"ముఫత్‌ది నాకెందుకని నేను తీస్కోలె," అంది పెంటవ్వ.

సుచరిత మూత తీసి వాసన చూసింది. కిటికీ గట్టు మీద పాకుతున్న చీమల ముందు రెండు చుక్కలు పోసింది. చీమలు పక్కకు తప్పుకుని పోవడం ఊచల లోపలి నుంచి రవళి కూడా చూసింది.

సుచరిత అందరినీ కిటికీ దగ్గరికి పిలిచింది.

"పొడి ఒక్కటే, పానకాలు వేరు. వానకాలంల బెల్లం నీళ్లు రెండు దినాలకే పులిసి నురగ కడతయి. ఇది విత్తేటప్పటిది. పులవలె, చీమ ముట్టలె. సూక్ష్మజీవులను చంపే మందు ఏదో కలిసింది. గింజల మీద రవళి పొడి చచ్చింది అందుకే. బుడిపెలొస్తే యూరియా బస్తాలు ఎవరు కొంటరని మధుకర్‌కు ఫికర్ పట్టుకుంది."

"ఊకె అనకు మేడం. అది ఉత్త పానకమే," అన్నాడు మధుకర్.

సుచరిత ఒక రైతు దగ్గర గ్లాసు తీసుకుని, డబ్బాలోని పానకంతో నింపి అతని ముందు పెట్టింది. "అయితే తాగు."

మధుకర్ గ్లాసు ముట్టుకోలేదు. ఎవరూ అడగకుండానే జేబులోంచి తాళంచెవి తీసి సాగర్ చేతిలో పెట్టాడు.

తలుపు తెరుచుకోగానే రవళి బయటికొచ్చి గోడకు ఆనుకుంది. ఎల్లన్న ఆమె మొహం చూడలేకపోయాడు. రైతులు మధుకర్‌ను రెక్కపట్టి అదే గదిలోకి నెట్టారు. ఎల్లన్న తాళం అందుకున్నాడు.

రవళి అతని చేయి పట్టుకుంది.

"పోలీసులకు చెప్పుర్రి అన్నా. తాళం మాత్రం వెయ్యొద్దు. లోపల ఎట్లుంటదో నాకు తెలుసు."