పాప వచ్చేదాకా

మా వార్డుకు కిటికీల్లేవు. గుండె జబ్బుల ఐసీయూ అది. బయట ఎండో వానో మాకు తెలిసేది, లోపలికొచ్చేవాళ్ల చెప్పుల్ని బట్టే. ఆ మధ్యాహ్నం నేను డ్యూటీ ఎక్కేసరికి నేలంతా తడి అడుగులు. ఆయా తుడుస్తూనే ఉంది, పడుతూనే ఉన్నాయి.

మూల మంచం కండక్టరమ్మది. సిటీ బస్సులో కండక్టరు కాబట్టి వార్డంతా అలాగే పిలిచేవాళ్లం. ఆడపిల్లను కని ఇంటికెళ్లిన మనిషి, వారం తిరక్కుండానే ఆయాసంతో మా దగ్గరికొచ్చింది. పురుడయ్యాక కొందరికి గుండె కండరం డీలా పడిపోతుంది. ఈమెకు మరీ గట్టిగా తగిలింది. మందులకు లొంగలేదు. దాంతో డాక్టరుగారు పంపు పెట్టారు.

దాన్ని చూస్తే ఇంత చిన్నది మనిషిని మోస్తుందా అనిపిస్తుంది. సన్నటి గొట్టం చివర ముడుచుకున్న తీగల పంజరం, అందులో చిన్న రెక్క. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుండెదాకా పంపుతారు. అక్కడికి చేరాక గొడుగులా విచ్చుకుంటుంది. రెక్క గిర్రున తిరుగుతూ రక్తాన్ని ఒంట్లోకి తోస్తుంది. గుండె బరువు అది మోస్తుంటే, గుండె కాస్త తేరుకుంటుందని ఆశ.

"అయితే నా గుండెలో గొడుగు పెట్టారన్నమాట" అంది కండక్టరమ్మ, స్పృహలోకి రాగానే. "బాగుంది. ఇల్లు కురిసినా గుండె తడవదు."

అలాంటి మనిషి. నోరు ఊరుకునేది కాదు. కాలు మడవొద్దని నేను గద్దిస్తే, "బతుకంతా బస్సులో నిలబడే ఉన్నాను సిస్టర్, కూర్చోవడానికే సీటు దొరకలేదు. మీరేమో ఏకంగా పడుకోబెట్టేశారు" అనేది. కానీ పాప మాటెత్తితే మాత్రం తలుపు వైపే చూసేది. పాపను లోపలికి తేనివ్వరు. వడ్రంగం చేసే భర్త ఫోన్లో ఫోటోలు చూపించేవాడు. ఆమె తెర మీద పాప బుగ్గను వేలితో రాసేది. ఫోటో జరిగిపోయేది. మళ్లీ వెనక్కి తెచ్చుకునేది.

ఆమె మణికట్టు పట్టుకుంటే నాడి అందేది కాదు. పంపు రక్తాన్ని ఆపకుండా తోస్తుంది కదా, కొట్టుకోవడమనేది ఉండదు. కొత్తలో ఒళ్లు జలదరించేది. అందుకే తొడ దగ్గర గొట్టం మీద వేలు పెట్టి చూసుకునేదాన్ని. గుప్పిట్లో తేనెటీగను మూసినట్టు సన్నగా వణికేది. ఆ వణుకు తగిలితే నాకు ధైర్యం.

సాయంత్రం కావస్తుండగా ఎక్కడో పిడుగు పడింది. దీపాలు ఆరిపోయాయి. యంత్రాలన్నీ బ్యాటరీల మీద కీచుమన్నాయి. జనరేటరు అందుకున్నాక వెలుగు వచ్చింది గానీ మునుపటి వెలుగు కాదు. పసుపచ్చగా, నీరసంగా ఉంది. స్పిరిట్ వాసన మధ్య ఇంకేదో వాసన... చాలాకాలంగా మూతపెట్టిన ఇనప డ్రమ్ములో నీళ్ల వాసనలాంటిది.

మూల మంచం మానిటరు వైపు చూశాను.

గుండె గీత సాపుగా ఉంది.

పరుగెత్తాను. కండక్టరమ్మ కళ్లు తెరిచే ఉంది. నన్ను చూసి నవ్వింది.

"ఏంటక్కా, ఉన్నట్టుండి ఇంత నిశ్శబ్దంగా అయిపోయింది?"

అప్పటిదాకా సిస్టర్ అనేది. అక్కా అనడం అదే మొదలు.

డాక్టరుగారు వచ్చారు. మందులిచ్చారు. గుండెలోకి తీగ వేసి కరెంటుతో తట్టిలేపాలని చూశారు. ఆ పాడు గీత లేవలేదు. ఇంత జరుగుతున్నా ఆమె మాట్లాడుతూనే ఉంది. డాక్టరుగారు పంపు యంత్రం చూశారు. తిరుగుతున్నట్టే అంకెలు వెలుగుతున్నాయి. నన్ను పక్కకు పిలిచారు.

"గుండె ఆగిపోయింది సిస్టర్. పంపు ఒక్కటే నడుపుతోంది. ఇది ఎంతోసేపు నిలవదు. పాపను తెమ్మనండి."

పాపను తీసుకురమ్మని భర్తకు ఫోన్ చేశాను. వానలో వస్తున్నామన్నాడు.

మంచం దగ్గరికొచ్చి, అలవాటు కొద్దీ గొట్టం మీద వేలు పెట్టాను.

వణుకు లేదు.

చేతి తొడుగు మందమేమో అనుకుని తీసేశాను. ఉత్త వేలితో నొక్కాను. చల్లటి గొట్టం. లోపల ఏమీ లేదు... ఏమీ కదలడం లేదు. యంత్రం మీద అంకెలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

డాక్టరుగారిని పిలుద్దామని తలెత్తాను. కండక్టరమ్మ నన్నే చూస్తోంది. నవ్వు లేదు.

"చెప్పకక్కా" అంది గుసగుసగా. "పాప వచ్చేదాకా."

ఆమె చెయ్యి నా చేతిని వెతుక్కుంది. బయట వానలో పెట్టి తెచ్చినట్టుంది ఆ చెయ్యి. నేను వదిలించుకోలేదు. భయం వేయలేదంటే అబద్ధం. కానీ నేనూ ఇద్దర్ని కన్నదాన్నే. పక్కనే కూర్చున్నాను.

అత్తగారు పాపను కొంగు కింద దాచుకుని వచ్చింది. వెనకాల భర్త, నిలువెల్లా తడిసి ఉన్నాడు. మంచం తల కాస్త ఎత్తి, పాపను కండక్టరమ్మ ఒళ్లో పెట్టాను. అంత చల్లటి చేతులు తగిలితే ఏ పిల్లయినా గుక్కపట్టాలి. ఆ పిల్ల ఏడవలేదు. కళ్లు విప్పి చూసింది.

"వచ్చావా బంగారం" అంది తల్లి. "ఫోటోలో కన్నా నల్లగా ఉన్నావే. మీ నాన్న పోలికే, ఏం చేస్తాం."

భర్త నవ్వబోయి ఏడ్చాడు. అత్తగారు కోడలి తల నిమురుతూ, "ఇంటికొచ్చేయ్ అమ్మా, తొందరగా వచ్చేయ్" అంది.

"వస్తానత్తయ్యా" అంది ఆమె. "రాకుండా ఎక్కడికి పోతాను?"

తర్వాత పాప చెవి దగ్గర పెదాలు పెట్టి ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మా ముగ్గురికీ ఒక్క ముక్క వినపడలేదు. చెప్పడం అయ్యాక పాపను తనే అత్తగారికి అందించి, చలేస్తుంది తీసుకెళ్లండని ఇద్దర్నీ పంపింది. వాళ్లు తలుపు దాటేదాకా చూసింది. అప్పుడు చెయ్యి కొద్దిగా ఎత్తి, బస్సు కదిలేముందు కండక్టర్లు అనే మాట అంది. కేకలా కాదు, ఊపిరిలా.

"రైట్... రైట్."

చెయ్యి వాలిపోయింది. యంత్రం మీద అంకెలు అప్పుడు ఆరిపోయాయి.

పంపు బయటికి తీసేటప్పుడు నేనే పక్కన నిలబడ్డాను. గొట్టం మెల్లగా వచ్చింది. చివర చూసి డాక్టరుగారి చెయ్యి ఆగిపోయింది. విచ్చుకుని ఉండాల్సిన పంజరం మొగ్గలా మూసుకుపోయి ఉంది. రెక్క చుట్టూ రక్తం గడ్డకట్టి, నల్లగా, రాయిలా బిగుసుకుంది. పళ్లెంలో వేస్తే ఠంగుమంది.

"ఇది ఇవాళ్టి గడ్డ కాదు" అన్నారాయన. "నిన్న కూడా తిరిగి ఉండదిది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మరి నిన్న గొట్టం వణికింది... ఇవాళ మాట్లాడింది..." అన్నాను.

ఆయన పళ్లెం మీద గుడ్డ కప్పి వెళ్లిపోయారు.

కొన్నాళ్లు డ్యూటీకి వెళ్లబుద్ధి కాలేదు. మూల మంచానికి కొత్త రోగి వచ్చినా అటు చూడలేకపోయేదాన్ని. ఒకరోజు పొద్దున్నే అత్తగారి నుంచి ఫోన్. "ఒకసారి వచ్చిపోమ్మా. నీకే చెప్పాలి" అంది.

వాళ్లది మేడ మీద రెండు గదులు. కింద భర్త రంపంతో కోస్తున్న చప్పుడు. అత్తగారు నన్ను లోపలికి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. చాప మీద పాప నిద్రపోతోంది. బొద్దుగా, నున్నగా, కాళ్లూ చేతులూ మడతలు పడి ఉంది.

"బాగా ఎదిగిందే" అన్నాను.

"ఎదిగింది" అందామె. గొంతులో సంతోషం లేదు. "డబ్బా పాలు మూతికి తగలనివ్వదమ్మా. సీసా పెడితే మొహం తిప్పేసుకుంటుంది. స్పూనుతో పోస్తే ఊసేస్తుంది. నా కొడుకు తిరగని డాక్టరు లేడు. అందరూ తూకం చూసి, బ్రహ్మాండంగా ఉంది పొమ్మంటున్నారు."

"మరి ఏం తాగుతోంది?"

ఆమె పాప పక్కన కూలబడింది. కన్నీళ్లు తుడుచుకోలేదు.

"తెల్లవారుజామున నాకు మెలకువ వస్తుంది. పక్కన ఎవరో ఒత్తిగిలినట్టు చాప కిర్రుమంటుంది. నేను కళ్లు తెరవను. తెరిస్తే మళ్లీ రాదేమోనని ఒక భయం... తెరిస్తే కనపడుతుందేమోనని ఇంకో భయం." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పమ్మా. వద్దని దండం పెట్టి పంపించెయ్యనా? పిల్ల నోటికాడ కూడు తీసినదాన్ని అవుతానా?"

వంగి పాపను చూశాను. నిద్రలో పెదాలు చప్పరిస్తోంది. పెదవి మూల తెల్లటి చుక్క ఒకటి, ఇంకా ఆరలేదు.

వేలితో తుడిచాను.

పాలే. మంచుగడ్డ ముట్టుకున్నట్టు చల్లగా ఉన్నాయి.