పదకొండు నిమిషాల బాయి

కరెంటు వచ్చిందంటే రేగుల తండాలో ఎవరూ భద్రు బాయి దిక్కు మొఖం పెట్టేవాళ్లు కాదు.

నేను ఆ తండా బడిలో పంతులుగా ఉన్న రోజులవి. నర్సింహులపేట దాటి లోపలికి పోవాలి. తండా దాటితే చెల్కలు, ఆ మెట్ట చేలు దాటితే ఒర్రె, ఆ చిన్న వాగు దాటితే ఆ సాగునీటి బాయి. పగలు చూస్తే ఏముంటుంది — రాతికట్టు, రెండు తుమ్మలు, గుంజకు బిగించిన ఇనుప స్టార్టర్ డబ్బా. అంతే. రాత్రయితేనే…

కరెంటు వచ్చిన పదకొండు నిమిషాలకు ఆ మోటరు లేస్తుంది.

"భద్రు మంచంల లేవాలె, చెప్పులు తొడగాలె, ఒర్రె దాటాలె," అని తండావాళ్లు గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. "బతికినప్పుడు పదకొండు నిమిషాలు పట్టేది సారూ. సచ్చినంక గూడ గంతే పడుతాంది."

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది అది. పొలాలకు కరెంటు రాత్రిపూటే వచ్చేది. ఒంటిగంటకో, మూడింటికో, ఎవరికీ తెలియదు. ఇంటి ముందు కట్టుకున్న బల్బు, వాళ్ల మాటలో బుగ్గ, వెలిగితే లేచి బాయికాడికి నడవాలి. ఫిబ్రవరిలో ఒక రాత్రి భద్రు అట్లనే నడిచాడు. తడి చెయ్యి డబ్బా మీద పెట్టాడు. తెల్లారేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆ చెయ్యి విడిపించింది వెంకట్రాం. లైన్‌మన్ వెనుక తిరిగే హెల్పరు. నాకు ఈ సంగతి చెప్పింది కూడా అతనే.

ఆగస్టు ఆఖరులో ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు వేసి వెంకట్రాం ఒక్కడే తిరిగి వస్తున్నాడు. తండాలో బుగ్గలు వెలిగాయి. పని అయిందనుకుని ఒర్రె ఒడ్డున కూర్చుని బీడీ ముట్టించాడు. ఒక బీడీ అయిపోయింది. రెండోది సగం కాలింది…

గర్ర్… గర్ర్…

చెప్పులు. టైరు చెప్పులు. నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాయి. భద్రు నడక అదే.

"ఎవలది?" అన్నాడు వెంకట్రాం.

చెప్పులు ఆగలేదు.

గొంగడి కప్పుకున్న మనిషి… చేతిలో బ్యాటరీ లైటు లేదు. తల వంచుకుని అతని పక్కనుంచే ఒర్రెలోకి దిగి అవతలి ఒడ్డు ఎక్కింది. సన్నటి వెన్నెల. గొంగడి అంచుకు ఎర్రగుడ్డ అతుకు కనిపించింది. ఆ అతుకు వెంకట్రాం ఎరుగును. శవాన్ని తండాకు మోసిన నాడు మీద కప్పింది ఆ గొంగడే.

చెప్పుల చప్పుడు ఆగింది.

మోటరు గుయ్యిమని లేచింది.

అతనికి మూడు రోజులు జరం. నేను చూడడానికి పోతే గోడకు తిరిగి పడుకున్నాడు. "నేనే ఇడిపించిన సారూ," అన్నాడు. "ఒక్కొక్క ఏలు ఇడిపించిన. మళ్ల గదే చెయ్యి మోటరు ఏసింది."

అప్పటినుంచి ఆ దారి బంద్. పగలు కూడా పశువులను అటు తోలలేదు. భద్రు అన్న టీక్యా పొలం ఆ బాయి పక్కనే. అతను కూడా తన నీళ్లు తెల్లారినంకనే చూసుకునేవాడు. "మా తమ్ముడు బతికినప్పుడే నా మాట ఇనలే. ఇప్పుడింటడా?" అని నవ్వేవాడు గాని, ఆ నవ్వు ఒర్రె దాటేది కాదు.

సెప్టెంబరులో సమ్మె మొదలైంది. భూపాలపల్లిలో బొగ్గు ఆగింది. బస్సులు ఆగినయి. మా బడికీ తాళమే. రోజూ రోడ్డు మీద కూర్చుని వచ్చేవాళ్లం. కరెంటు ఇంకా అధ్వాన్నమైంది. వరి పొట్టకొచ్చి ఉంది. ఒక్క తడి తప్పితే తాలు పోతుంది.

అట్లాంటి రోజుల్లో ఎల్లేశ్ వచ్చాడు, నెల్లికుదురు నుంచి సైకిలు మీద. నా పాత శిష్యుడు. యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో పరిశోధన చేస్తున్నాడు. హాస్టల్ మూసేశారట. సంచిలో చిన్న కంప్యూటర్, తీగలు, రెండు జతల బట్టలు. ముఖంలో కళ లేదు.

వాడి పరిశోధన ఏందో చెప్పాలి. బడిలో ఇంటి గంట కొట్టగానే అరవైమంది పిల్లలు ఒక్క తలుపు నుంచి ఉరికితే ఏమవుతుంది? తలుపు ఊడుతుంది. కరెంటు రాగానే పన్నెండు మోటర్లు ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే గతి. కాలిపోతుంది. దాన్ని ట్రాక్టర్ మీద వేసుకుని రిపేరుకు తిరిగేలోపు పొలం ఎండుతుంది. అందుకని ఎల్లేశ్ ఒక డబ్బి తయారుచేశాడు. మోటరు దానంతట అదే లేస్తుంది, మనిషి పోనక్కర్లేదు. కాకపోతే ఒక్కో డబ్బి ఒక్కో నిమిషానికి లేపుతుంది.

ఏ మోటరుకు ఎన్ని నిమిషాలు? అక్కడే వాడి తెలివి. ముందు ఆర్నెల్లు ఏ మోటరు ఎప్పుడు లేచిందో లెక్క రాసుకునే ముక్కలు మాత్రమే పెట్టాడు. చూస్తే, జనం నడిచిపోయి వేసుకున్నంత కాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు. బాయికాడ పడుకున్నవాడు నిమిషంలో వేస్తాడు, తండా నుంచి వచ్చేవాడు ఎనిమిదికి. మనుషుల నడకే దాన్ని కాపాడింది. అందుకే ఎవరి నడక వాళ్ల డబ్బిలో పెట్టాడు. భద్రుది అందరికన్నా దూరం. పదకొండు.

జనవరిలో పదకొండు డబ్బిలు బిగించాడు. పన్నెండోది భద్రుది. దాని సామాను ల్యాబులో ఉండగా క్యాంపస్‌లో లాఠీచార్జి అయింది, గేట్లు పడ్డాయి. తాళాలు తీసేసరికి మార్చి. జూన్‌లో తెచ్చి భద్రు బాయికి బిగించాడు. భద్రు లేడు.

ఈ మాట వాడు ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

దెయ్యం సంగతి చెబితే ఎల్లేశ్ మెల్లగా తల ఊపాడు. "దెయ్యం గాదు సారూ, నా డబ్బి. వెంకట్రామన్న తాగి ఉంటడు."

"డబ్బి చెప్పులు తొడుక్కుంటదారా?"

"రేపు పొద్దున తండా అందర్ని పిలుస్త. కంప్యూటర్ల లెక్క చూపిస్త. యూనివర్సిటీల మా సారుకు గూడ పంపిన, మూడు నెలలు మంచిగ పనిచేసిందని."

గడప అవతల భద్రు భార్య నీలి నిలబడి ఉంది. ఎల్లేశ్ వచ్చాడని జొన్నరొట్టెలు తెచ్చింది. మొగడు పోయినంక గాజులు, జుట్టుకు వేలాడే ఘుగ్రీలు అన్నీ తీసేసింది కదా, వచ్చినా పోయినా చప్పుడుండదు.

"పిలువకు తమ్మీ," అంది.

"ఎందుకక్కా? బావ పేరు దయ్యం పేరైతాంది."

"కానియ్యి," అంది. రొట్టెలు గూట్లో పెట్టి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఎల్లేశ్ నాకు లెక్క చూపించాడు. కరెంటు వచ్చిన టైము, మోటరు లేచిన టైము. భద్రు బాయి వరుస పదకొండు, పదకొండు, పదకొండు… మధ్యలో ఒకచోట నా వేలు ఆగింది.

"ఇది పదమూడున్నది గదా?"

"ఆగస్టు పద్నాలుగు. గడియారం ఎనుకపడి ఉంటది సారూ."

"ఇదో, ఇక్కడ పద్నాలుగు."

"వినాయక చవితి రాత్రి."

"మరి ఈ నలభై?"

"గది తీసెయ్యమన్నరు మా సారు. ఒక్కటే గదా, లెక్కకు అడ్డమొస్తదని."

ఆగస్టు పద్నాలుగు రాత్రి నాకు బాగా గుర్తు. కుండపోత వాన. తెల్లారి జెండా తాడు ఉబ్బి ముడి రాక పిల్లలు నవ్వారు. చవితి నాడు కూడా వానే. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే జవాబు చెప్పొద్దు, ప్రశ్న అడగాలి.

"ఎల్లేశ్… వాన పడితే మిషిన్‌కు కాళ్లు జారుతయారా?"

వాడు కంప్యూటర్ దిక్కు చూశాడు. తర్వాత మూత వేసి చెప్పులు తొడుక్కున్నాడు.

ఒర్రె దాటి బాయికాడికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. కరెంటు లేదు. ఎల్లేశ్ లైటు నోట్లో పెట్టుకుని డబ్బి విప్పాడు.

లోపల ఒక బల్లి. రెండు రాగి ముక్కల నడుమ పడి, ఎండి, నల్లగా అతుక్కుపోయి ఉంది. పక్కన తీగ బొగ్గయింది.

"చూస్తె జూన్‌లనే కాలినట్టుంది సారూ… బిగించిన కొన్నాళ్లకే."

"మరి లెక్క?"

"లెక్క రాసే ముక్క వేరే. దానికి సొంత బ్యాటరీ ఉంటది. లేపే ముక్క సచ్చింది."

అయితే ఈ మూడు నెలలూ మోటరు వేసింది ఎవరు?

అప్పుడే దూరంగా తండాలో బుగ్గలు వెలిగాయి.

ఎల్లేశ్ లైటు ఆర్పేశాడు. ఇద్దరం తుమ్మ వెనుకకు జరిగాం. చుట్టూ మోటర్లు ఒకటొకటే లేస్తున్నాయి. ఒకటి… రెండు… అటు పక్క ఇంకొకటి. ఎవరెవరి నడకలో వాళ్ల వాళ్ల నిమిషానికి. పదకొండూ లేచినయి. ఇది ఒక్కటే మిగిలింది.

ఎల్లేశ్ చేతి గడియారంలో పచ్చటి వెలుతురు. తొమ్మిది నిమిషాలు.

గర్ర్…

నా వీపు తుమ్మ బెరడుకు ఆనుకుంది.

గర్ర్… గర్ర్…

ఒర్రెలోకి దిగిన చప్పుడు. నీళ్లు కదిలిన చప్పుడు. ఒడ్డు మీద గొంగడి… అంచుకు అతుకు. ఆ మనిషి నేరుగా గుంజ దగ్గరికి వచ్చింది. గొంగడిలోనుంచి చెయ్యి బయటికి వచ్చింది. చేతికి ఎండుగుడ్డ చుట్టి ఉంది. మెల్లగా, లెక్కగా, పచ్చ బొత్తాం నొక్కింది.

మోటరు లేచింది.

గొంగడి తల మీదినుంచి జారింది.

నీలి.

మమ్మల్ని చూసి ఉలిక్కిపడలేదు. "మీరా," అంది. గట్టు మీద కూర్చుని చెప్పులు విడిచింది. భద్రు చెప్పులు. ఆమె కాళ్లకు రెండింతలున్నయి. ఈడ్చకపోతే ఊడిపోతాయి.

"డబ్బి కాలిందని ఫోను జెయ్యకపోతివక్కా?" అన్నాడు ఎల్లేశ్.

"జేస్తె ఏం జేస్తవు? పీక్కపోతవు. పరీక్షకు పెట్టినవి, పనికిరాకుంటె తీస్త అన్నవు గదా."

"తీయకపోదునక్కా."

"నాకేం ఎరుక." పైపులోనుంచి పడుతున్న నీళ్ల దిక్కు చూసింది. "మొదలు నా నీళ్ల కోసమే నడిచిన, ఆయన చెప్పులు, ఆయన గొంగడి ఏసుకోని. మా బావ టీక్యా రాత్రిపూట వచ్చి నా నీళ్లు ఆయన మడిలకు మలుపుకునేటోడు. ముండమోసినదానికి ఎవుసమేందే, బాయి నాకియ్యి అనేటోడు. ఎవలకు చెప్పుకోను? గప్పుడే వెంకట్రాం నన్ను జూసి జరం దెచ్చుకుండు. తెల్లారెవరకు భద్రు లేసిండని తండంత ఒకటే లొల్లి." విడిచిన చెప్పులు పక్కపక్కన పెట్టింది. "గా దినం కెల్లి మా బావ ఒర్రె దాటలే. గంతే తమ్మీ. నేను బతికుంటె నీళ్లు మలుపుకునెటోడు, సచ్చినోనికి భయపడ్డడు."

"ఆ నలభై నిమిషాల రాత్రి…" అన్నాడు ఎల్లేశ్.

"ఏ రాత్రి?"

"జులై ఇరవై రెండు."

"జరమొచ్చింది నాకు. కూసుంట లేసుకుంట వచ్చిన."

లెక్కకు అడ్డమొచ్చిన ఒక్కటి. తీసెయ్యమన్న ఒక్కటి.

తెల్లవారి వాడు తండాను పిలవలేదు. వాళ్ల సారుకు ఉత్తరం రాశాడు: పదకొండు పనిచేసినయి, పన్నెండోది ఒక్కరోజు కూడా పనిచేసినట్టు చెప్పలేను, మూడు నెలలు ఒక మనిషి చేతితో వేసింది, నేను గుర్తుపట్టలేదు. పరిశోధన ఏడాది వెనక్కి పోతుందని వాడికి తెలుసు. రాసి నాకిచ్చాడు, నోట్‌బుక్కు దిద్దమని ఇచ్చినట్టు. దిద్దడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం పోయి బల్లిని తీసి, తీగ మార్చి, డబ్బికి సందులేని మూత బిగించాడు. నీలి గట్టు మీద కూర్చుని చూసింది.

"ఎన్ని నిమిషాలు పెట్టాలక్కా?"

"ఆయనయే ఉండనీ."

"ఇయ్యాల నుంచి నువ్వు రానక్కర్లేదు. అదే లేస్తది."

"మోటరు లేస్తది," అంది నీలి. "చెప్పులు నడవాలె గద."

ఆ రాత్రి రెండింటికి బుగ్గ వెలిగింది. నీలి లేచి చెప్పులు తొడిగింది. గొంగడి కప్పుకుంది. మేము వెనుక దూరంగా నడిచాం. టీక్యా గుడిసె ముందర నుంచి పోతుంటే లోపల మాటలు ఆగిపోయినయి. తలుపు గడియ పడిన చప్పుడు. ఆమె ఆగలేదు, అడుగు పెంచలేదు.

చెల్కలు. ఒర్రె. అవతలి ఒడ్డు.

మోటర్లు ఒకటొకటే లేచాయి. నీలి గుంజ దగ్గరికి చేరింది. అలవాటు కొద్దీ చేతికి ఎండుగుడ్డ చుట్టుకుంది. చెయ్యి చాపింది…

ఇంకా జానెడు దూరం ఉంది.

మోటరు లేచింది.

చాపిన చెయ్యి అట్లనే ఉండిపోయింది. ఎల్లేశ్ ఏదో చెప్పబోయాడు. డబ్బి అని, నిమిషాలని. నేను వాడి భుజం పట్టుకున్నాను. పైపులోనుంచి నీళ్లు వచ్చి మడిలో పడినయి. నీలి గుడ్డ విప్పి మడత పెట్టింది. మా దిక్కు తిరగకుండానే అంది —

"ఇయ్యాల నాకన్న ముందే వచ్చిండు."