అట్లాంటిక్‌కు తూము పెట్టినవాడు

అట్లాంటిక్ ఒడ్డున తొమ్మిది ఇసుక తీరాలు తిరిగొచ్చిన మనిషి సికింద్రాబాద్ మొత్తం మీద ఆర్థర్ ఒక్కడే. ఈ సంగతి అతనుండే కార్ఖానా వాడలో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క అట్లాంటిక్‌కే.

ఆర్థర్ తన ఇరవై నాలుగేళ్ల జీవితంలో వెళ్లిన అతి దూరపు ఊరు కాజీపేట. అదీ ఘట్‌కేసర్‌లో దిగాల్సినవాడు రైల్లో నిద్రపోవడం వల్ల. ఉద్యోగం మిలిటరీ డేరాల గోదాములో గుమాస్తా. చూసిన నీళ్లలోకెల్లా పెద్దవి హుస్సేన్ సాగర్‌వి.

మరి ఇంత అబద్ధం ఎందుకాడాడంటే, దానికి ప్రేమమణి కారణం.

అది నలభై ఎనిమిది ఆగస్టు. బందరు నుంచి వచ్చి మిషన్ స్కూల్లో పాఠాలు చెబుతున్న ప్రేమమణి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని తడిసిన గొడుగు విదిలిస్తోంది. పక్కన డోరా పిన్ని. ప్రేమమణి ఉండేది వాళ్లింట్లోనే. నిజాం రాజ్యానికి ఇండియా రాకపోకలు ఆపేసింది: రైళ్లు ఆగిపోయాయి, ఇంటి నుంచి ఉత్తరాలు లేవు, బజార్లో ఉప్పు లేదు.

"ఇంత పెద్ద ఊళ్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరా పిన్నీ? అలల గురించి రెండు మాటలు మాట్లాడుకుందామంటే మనిషే లేడు," అంది ప్రేమమణి.

సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన డోరా పిన్నికి ఆ బాధ అర్థం కాలేదు. "సాగర్ ఉంది కద బిడ్డా. కట్ట మీదికి పోయి ఒకపారి చూసి రారాదు?"

"నేను చూసిన," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఆ గొంతు తనదేనని ఆర్థర్‌కు తర్వాత తెలిసింది.

ప్రేమమణి తిరిగి చూసింది. పెద్ద కళ్లు. వాటిలో ఇంకా వాన ఆగలేదు. "ఏ సముద్రమండీ?"

ఆర్థర్ గబగబా ఆలోచించాడు. బంగాళాఖాతమంటే అది ఆమె పెరటి గుమ్మంలోనే ఉంటుంది. అరేబియా అంటే పాస్టర్ జకర్యాగారి తమ్ముడు బొంబాయిలో ఉన్నాడు, ఉత్తరం రాసి అడుగుతాడు. అట్లాంటిక్ ఒడ్డున మనవాళ్లెవరూ లేరు.

"అట్లాంటిక్," అన్నాడు. "యుద్ధంల డేరాలు అప్పజెప్పనీకి నన్ను ఇంగ్లాండు పడమటి ఒడ్డుకు పంపిన్రు. తొమ్మిది బీచులు తిరిగిన."

"తొమ్మిదా!"

"పదోది బంద్ ఉండె."

అతని అట్లాంటిక్ జ్ఞానమంతా ఒక బొమ్మల పుస్తకం. బంగళా ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంగ్లీషు కెప్టెన్ చెత్తలో పారేసింది. పన్నెండు బొమ్మలు. ఇసుకలో ఓవర్‌కోట్లు వేసుకుని మడత కుర్చీల్లో కూర్చున్న జనం, ఒక గాడిద.

సెప్టెంబరు పదమూడున భారత సైన్యం దిగి, పోలీస్ యాక్షన్ షురూ అయింది. స్కూలు మూతపడింది. పైన విమానాలు తిరిగితే వాడలోని పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. ప్రేమమణి వాళ్లందర్నీ డోరా పిన్ని వరండాలోకి చేర్చి, వెనక వీధిలో ఉండే ఆర్థర్‌కు కబురు పెట్టింది: "మీ అట్లాంటిక్ కాస్త పట్టుకు రండి."

ఆర్థర్ వచ్చాడు. తల దువ్వుకుని మరీ వచ్చాడు.

"ఆడ చలి ఎట్లుంటదంటే," అని మొదలుపెట్టాడు, "అల లేసినంక కిందికి పడదు. గడ్డకట్టి గట్లనే నిలబడతది. మేము దానికి కోట్లు తగిలించి ఇసుకల నడిచెటోళ్లం. తిరిగొచ్చేసరికి అల కరిగిపోయి కోటు కొట్టుకపోయేది. నావి మూడు కోట్లు గట్లనే పోయినయి."

విమానం ఒకటి వెళ్లింది. పిల్లలు పైకి చూడలేదు. మూడు కోట్ల గురించి బెంగపడుతున్నారు.

రెండో రోజు పుస్తకం తెచ్చి బొమ్మలు చూపించాడు. ఒక బొమ్మలో నీళ్లు గోడ దాకా ఉన్నాయి. అదే చోటు ఇంకో బొమ్మలో నీళ్లు ఎక్కడో దూరాన, మధ్యలో అంతా ఇసుకే.

"ఇదేందన్నా, నీళ్లేడవోయినయి?" అడిగాడు ఒక పిల్లాడు.

సాగర్ తప్ప మరో నీరెరగని ఆర్థర్‌కు ఇందులో అనుమానమే రాలేదు. "ఎండకాలం అట్లాంటిక్ ఎండిపోతది. వానలు పడ్డంక మళ్ల నిండుతది."

వరండాలో అందరూ తలలూపారు. అందరిదీ సాగర్ అనుభవమే.

రోజూ ఆటుపోట్లు చూస్తూ పెరిగిన ప్రేమమణి మాత్రం పెదవి కొరుక్కుంది. "మరీ ఎక్కువ నిండితే?"

"తూము ఇడుస్తరు."

"ఎవరండీ?"

"దానికో ఇంజినీర్ ఉంటడు. మంచోడే. నాకు దోస్తు."

ప్రేమమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఇంటి దగ్గరి సముద్రం గుర్తొచ్చి ఏడుస్తోంది పాపం అనుకున్నాడు ఆర్థర్.

మూడో రోజు ఇంకొంచెం ముందుకు పోయాడు. "గా చలికి ఓర్వలేక, ఒడ్డునే పొయ్యి పెట్టి, సముద్రంల నీళ్లు ముంచి టీ కాసుకున్నం."

"చక్కెర వేశారా?" అడిగింది ప్రేమమణి, చాలా మెల్లగా.

"రెండు చెంచాలు."

"ఉప్పు?"

"టీల ఉప్పెవరు ఏస్తరు టీచరమ్మా!"

డోరా పిన్ని కూడా ఆశ్చర్యపోయింది. "అదేం అడుగుడు బిడ్డా?"

పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసింది. ఆర్థర్ అట్లాంటిక్ యాత్ర మరో మూడు వారాలు నడిచింది. పిల్లల్లో సగం మంది రావడం మానేసినా ప్రేమమణి మానలేదు. ఆమె నవ్వితే ఆర్థర్‌కు గోదాములో డేరాల లెక్క తప్పేది. ఒకరోజు నలభై డేరాలు రాయాల్సిన చోట నలభై అలలు రాశాడు.

తర్వాత రైళ్లు నడిచాయి. మొదటి ఉత్తరం వచ్చింది.

"నాన్నగారు వస్తున్నారు," అంది ప్రేమమణి వాన చూస్తూ. "బందర్లో సంబంధం చూశారట. నన్ను తీసుకెళ్లిపోతారు."

ఆర్థర్ తొమ్మిది తీరాలూ ఒక్కసారిగా ఎండిపోయాయి. ఇంటికి పరుగెత్తి, గుర్తుగా ఉండాలని ఒక జామ్ డబ్బా తెచ్చి ఇచ్చాడు.

"అట్లాంటిక్ ఇసుక. మీకే. దాచిపెట్టిన."

ప్రేమమణి మూత తీసి, వేళ్లతో కెలికి, ఒక బీడీ ముక్క బయటికి తీసింది.

"ఇంగ్లీషువాళ్లు బీడీలు కాలుస్తారాండీ?"

"యుద్ధం గద. సిగరెట్లకు తక్లీఫ్ ఉండె."

నాలుగు రోజుల తర్వాత ప్రేమమణి తండ్రి ఏసురత్నంగారు దిగారు, భుజాన ఒక మూట ఉప్పుతో. ఆయన బందరులో ఉప్పుకొఠార్ల ఇన్‌స్పెక్టరు. ఆర్థర్‌కు ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దం ముందు పదకొండుసార్లు "మీ అమ్మాయిని నాకిచ్చి పెండ్లి చేయండి" అని చెప్పుకుని, వరండా ఎక్కాడు.

"ఓహో, అట్లాంటిక్ అబ్బాయివి నువ్వేనా! కూర్చో బాబూ," అన్నారు ఏసురత్నంగారు. "ముప్పై ఏళ్ల నుంచి సముద్రపు నీళ్లతోనే నా ఉద్యోగం. తూమున్న సముద్రం గురించి మాత్రం ఇప్పుడే వింటున్నా."

ఆర్థర్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

ప్రేమమణి టీ తెచ్చింది. తలెత్తకుండా కప్పు చేతికిచ్చింది. "మీకోసం ప్రత్యేకంగా కాశాను. మీ అట్లాంటిక్ పద్ధతిలో."

ఆర్థర్ ఒక గుక్క తాగాడు. చెవులు మూసుకుపోయాయి. కళ్లలోంచి నీళ్లు కారాయి. పుట్టి ఇన్నేళ్లకు సముద్రమంటే ఏమిటో అతని నాలుకకు తెలిసింది.

"అదే రుచేనా?" అడిగింది ఆమె.

అదేనని చెప్పొచ్చు. చెబితే ఇంకొక కప్పు వస్తుంది. కానీ ఆర్థర్ ఆ ఇంకో కప్పుకు భయపడలేదు. ఆమె మొహం చూశాడు. అక్కడ నవ్వు లేదు. ఆమె దేనికోసమో ఎదురుచూస్తోంది.

కప్పంతా తాగేసి, కింద పెట్టాడు.

"నాకు తెల్వదు," అన్నాడు. "నేను ఏ సముద్రం చూడలే. కాజీపేట దాటలే. గది సుత నిద్రల పోయిన. మీరు గా దినం మెట్ల మీద కూసొని, మాట్లాడనీకి ఒక్కలు లేరన్నరు. గా ఒక్కడు నేనే కావాలనిపించింది. తూము సంగతి మాత్రం నిజంగ ఉంటదనే అనుకున్న."

ప్రేమమణి ఖాళీ కప్పు తీసి డోరా పిన్నికి అందించింది.

"నాకు రెండో రోజే తెలుసు," అంది ప్రేమమణి.

"మరి గన్ని దినాలు ఎందుకిన్నరు?"

"విమానాలు పోతుంటే పిల్లలు ఏడవలేదు. నేనూ ఏడవలేదు."

డోరా పిన్ని కప్పు అడుగు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "మూడు చెంచాల ఉప్పు! రెండు నెలల సంది పక్కింటోళ్లకు చిటికెడు సుత ఇయ్యలే నేను!"

ఏసురత్నంగారు గొంతు సవరించుకున్నారు. "ఇంత కరువులో మా అమ్మాయి ఒక మనిషి మీద మూడు చెంచాల ఉప్పు ఖర్చుపెట్టిందంటే, డోరా, ఇది ఆలోచించాల్సిన సంగతే. బందరు వాళ్లకి నేనింకా మాటివ్వలేదు. ఏం బాబూ, మాతో వచ్చి ముందు సముద్రం చూస్తావా?"

"ఇప్పుడే వస్త," అన్నాడు ఆర్థర్ లేచి నిలబడి.

"కూర్చో. చెడు అలవాట్లేమైనా ఉన్నాయా?"

"ఒక్కటి సుత లేదండీ."

ప్రేమమణి జామ్ డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. మూత తీసింది. "ఈ ఇసుకెక్కడిది?"

"యాప్రాల్ వాగుది."

"ఈ బీడీ?"

ఆర్థర్ అట్లాంటిక్ వైపు చూడబోయాడు. అది ఎటువైపుందో తెలియక వానలోకి చూశాడు.

"నాదే. దినానికి రెండు."

ప్రేమమణి ఉప్పు మూట దగ్గరికి లాక్కుంది.

"నాలుగు," అన్నాడు.

ఆమె మూట ముడి విప్పింది.

"కట్ట! దినానికి ఒక కట్ట! ఇయ్యాల్టి నుంచి బంద్!"