బీదర్ సారు ఫోను చేసిన రోజు

అహరోను చాయ్ గ్లాసు పట్టుకుని దుకాణంలోకి వచ్చేసరికి కూతురు సలోమి అప్పటికే అక్కడ ఉంది. నారాయణఖేడ్‌లో మనూరు వెళ్లే దారిలో ఇంటి ముందు గదే వాళ్ల వెల్డింగు షాపు. సగం చేసిన గేటు మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది.

“అవును సార్. ఒక అంగుళం వెడల్పు బెల్టు చాలా సార్? సరే సార్.”

అహరోను విననట్టే నటిస్తూ ప్రతి మాటా విన్నాడు. నెల రోజులుగా ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది. బీదరులో వంటింటి కత్తులు చేసి అమ్మే బసవరాజ్ అనే ఆయన వీడియోలు చూసి, తానూ కత్తులు చేయడం నేర్చుకుంటానని సలోమి ఆయనకు ఫోను చేసింది. ఆయనా విసుక్కోకుండా చెబుతున్నాడు. అప్పటినుంచి అన్నిటికీ సారే.

పదేళ్లప్పుడు ఆ పిల్ల చేతికి వెల్డింగు అద్దం ఇచ్చింది అహరోను. ఇరవై మూడేళ్లు వచ్చేదాకా ఆమె పట్టిన ప్రతి పనిముట్టూ అతను పట్టించిందే. అహరోను బిడ్డ పెట్టిన అతుకు ఊడదని సిర్గాపూర్ దాకా పేరు. ఆ మాట ఎవరి నోట విన్నా అతని ఛాతీ పొంగేది. ఇప్పుడు మొహం కూడా చూడని మనిషి ఎవడో మధ్యలోకి వచ్చి కూర్చున్నాడు.

“మన గ్రైండర్ ఉండంగ గా బెల్టు మిషనెందుకు బిడ్డా?” అన్నాడు ఆమె ఫోను పెట్టేయగానే.

“లారీ కమాను పట్టీతోని చేసిన కత్తి ఏమైందో చూసినవ్ కద నాయినా. గ్రైండర్ రాయి మీద పెడితే జల్దీ వేడెక్కి అంచు నీలం తిరిగింది. టమాట గూడ తెగలే. గరుకు కాయితం బెల్టు అయితే మెల్లగ గీకుతది. కొత్తగ నేర్చుకునేటోళ్లకు చిన్న మిషన్ చాలట. వేగం మరీ ఎక్కువుండొద్దు, బెల్టు పక్కకు జారొద్దు అన్నడు సార్.”

“నీలం తిరిగితే ఉక్కు చెడ్తదని నాకు తెల్వదా? ఆయన చెప్తే దేవుని వాక్యమాయె!”

“మరి నువ్వెప్పుడు చెప్పినవ్?” సలోమి నవ్వేసింది. ఆ నవ్వు అహరోనుకు ముల్లులా గుచ్చుకుంది.

పెద్ద మిషన్లు యాభై వేల పైమాటే. ఆమె దాచుకున్నది ఎనిమిది వేలు. జహీరాబాద్‌లో ఒక దుకాణంలో ఆ ధరకు వచ్చే బెల్టు సాండర్ అనే చిన్న మిషన్ చూసి, ఫొటో తీసి సారుకు పంపింది. చూసి రేపు చెబుతానన్నాడాయన.

మర్నాడు సలోమి గేటు మడతబందులు తేవడానికి బస్టాండుకు వెళ్లింది. గోడకు చార్జింగు పెట్టిన ఆమె ఫోను మోగింది. తెర మీద ‘బీదర్ సార్’ అని ఉంది. అహరోను కాసేపు చూసి ఎత్తాడు.

“నేను ఆమె నాయినను. బయటికి పోయింది.”

“ఓ, నమస్కార అన్నా! ఆమెకు జెర చెప్పండి, ఆ మిషన్ వద్దని. మోటరు బాగుంది, కానీ బెల్టు కొలత వేరే. ముప్పై అంగుళాల పొడుగు బెల్టు ఎక్కడైనా దొరుకుతుంది. దీనిది ఇరవై ఏడు. కూడ వచ్చే రెండు బెల్టులు అరిగినాయంటే ఇగ మిషన్ మూలకే.”

“సరే, చెప్త.”

నిజంగానే చెబుదామనుకున్నాడు. కానీ సలోమి వచ్చి ఫోనులో మెసేజీలు చూసుకుని నిట్టూర్చింది.

“సార్ ఏం పెట్టలే. మాటిమాటికి అడిగితే బాగుండది. దుకాణమోళ్లేమో రేపటి దాకనే ఈ ధర అంటున్రు. నాయినా, నువ్వేమంటవ్?”

నెల రోజుల తర్వాత బిడ్డ నోట వచ్చిన ఆ ఒక్క ప్రశ్నకు అహరోను లోపల ఏదో వెలిగింది. నాలుక చివరిదాకా వచ్చిన కబురు వెనక్కి పోయింది.

“మంచిగనే ఉన్నది బిడ్డా. తీసుకో.”

మరునాడు ఇద్దరూ జహీరాబాద్ వెళ్లారు. దుకాణంలో మిషన్ తిప్పి చూసింది అతనే, బేరమాడింది అతనే. మిర్చి బజ్జీలు తిని, బస్సులో మిషన్ ఒళ్లో పెట్టుకుని వచ్చారు. దారి పొడుగునా సలోమి అతనితోనే మాట్లాడింది.

సరిగ్గా తొమ్మిదో రోజున రెండో బెల్టు తెగింది. అప్పటికి రెండు కత్తులయ్యాయి. ఒకటి అమ్మ అమృతమ్మకు ఇచ్చింది. సలోమి జహీరాబాద్ దుకాణానికి ఫోను చేసింది. ఆ కొలత రాదన్నారు. తర్వాత బీదరుకు చేసింది. రాడ్డు కోస్తున్న అహరోను చేయి ఆగిపోయింది. ఆమె మొహం పాలిపోవడం చూశాడు.

“నాయినా, ఆ పొద్దు సార్ ఫోన్ చేసిండా?”

అతను మళ్లీ రాడ్డు కోయబోయాడు.

“వద్దన్నడట. నీకే చెప్పిండట.”

“చెప్పిండు! నేనే దాచిన! అయితే ఏంది?” రాడ్డు కింద పడేసి అరిచాడు. “లేస్తె సార్, పంటె సార్! ఈ ఇంట్ల నేను మనిషిని కానా? నీ చేతికి పని నేర్పిందెవలు?”

సలోమి గొంతు పెంచలేదు.

“నువ్వే నాయినా. సార్ చెప్పింది నేను నాలుగు చోట్ల అడిగి చూసుకుంట. నువ్వు తీసుకో అన్నవ్, ఇగ ఎవల్నీ అడగలే.”

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడపలో నిలబడ్డ అమృతమ్మ మొగుడి వైపు చూసింది.

“మిషన్ పోతే పాయె, మల్ల కొనొచ్చు. బిడ్డ ఇగ నిన్ను ఏదన్న అడుగుతదా?”

మూడు రోజులు సలోమి పని చేసింది, అన్నం వడ్డించింది, మాట మాత్రం ఆడలేదు. నాలుగో పొద్దున అహరోను మిషన్‌ను గోనెసంచిలో కట్టి, బిడ్డ ఫోనులోంచి అమృతమ్మ రాసిచ్చిన నంబరు జేబులో పెట్టుకుని, బీదరు బస్సెక్కాడు.

పెద్ద కార్ఖానా ఊహించుకున్నాడు. అక్కడున్నది ఇంటి వెనక రేకుల షెడ్డు. బసవరాజ్ ముప్పై అయిదేళ్ల బక్కపలచటి మనిషి, వేళ్ల నిండా గాట్లు. ఈ మనిషి మీదనా తను నెల రోజులు పళ్లు కొరికింది!

“నువ్వు చెప్పిన మాట నేను బిడ్డకు చెప్పలే తమ్మీ,” అన్నాడు కూర్చోకుండానే. “కుళ్లుకొని దాచిన. మాఫ్ చెయ్యి.”

బసవరాజ్ సంచి విప్పి మిషన్ బయటికి తీశాడు. తర్వాత దాన్ని తిరగేసి కొలిచాడు.

“ఈ పై చక్రం ఉన్న పట్టీని ఒకటిన్నర అంగుళం పొడుగు చేస్తే ముప్పై అంగుళాల బెల్టు ఎక్కుతుందన్నా. వంకర లేకుండా అతకాలి. నాకు అతుకుడు రాదు. మీకు వచ్చు కదా?” అని రెండు బెల్టులు చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి అహరోను ఇల్లు చేరాడు. సలోమి గేటుకు రంగు వేస్తోంది. అతను సంచి దించి ఎదురుగా నిలబడ్డాడు.

“బీదర్ పోయొచ్చిన బిడ్డా. ఆయన్ను మాఫీ అడిగిన. నిన్ను అడగనీకె నోరొస్తలేదు...” మిగతా మాట కన్నీళ్లలో కొట్టుకుపోయింది.

తండ్రి ఏడవగా సలోమి ఎన్నడూ చూడలేదు. బ్రష్షు డబ్బాలో పెట్టి వచ్చి, సంచి ముడి తనే విప్పింది. లోపల కొత్త బెల్టులు చూసి, సారు చెప్పిన కొలత అడిగింది. పట్టీ ముక్క కోసి ఇచ్చింది.

“జెర ఎడమకు నాయినా. ఇంకొంచెం. చక్రం వంగితే బెల్టు పక్కకు పోతది.”

తన అతుకులో ఎవరినీ వేలు పెట్టనివ్వని అహరోను ఆమె చెప్పినట్టల్లా జరిపాడు. రెండుసార్లు ఊడగొట్టి మళ్లీ పెట్టించింది. స్విచ్చు వేస్తే బెల్టు చక్రం నడిమధ్యన నిలకడగా తిరిగింది.

“ఇంకోసారి నా ఫోన్ ఎత్తితే చెప్పాలె,” అంది సలోమి, కళ్లు తుడుచుకుంటూ.

“చెప్త బిడ్డా.”

ఆమె వెంటనే బీదరుకు ఫోను కలిపింది. “సార్! తిరుగుతుంది సార్!” ఆ గొంతులో సంబరం వినగానే అహరోను గుండెలో పాత సెగ మళ్లీ ఒకసారి చురుక్కుమంది. అయినా స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“స్పీకర్ పెట్టు బిడ్డా,” అన్నాడు. “నేను గూడ నేర్చుకుంట.”