దీపానికి మొక్కిన పాలు

ఆ ఏడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం నాటికి సౌభాగ్యమ్మ చేతిలో ఉన్నవి ఇవి: చలిజ్వరం నుంచి లేచి కూర్చున్న మొగుడు, పూటకు రెండు సేర్లిచ్చే బర్రె, పళ్ళు లేని అత్త, మరియమాతకు మొక్కిన ఒక మొక్కు. విడివిడిగా చూస్తే నాలుగూ మంచి సరుకే. ఒకచోట చేరేసరికి ఇంట్లో ముసలం పుట్టింది!

ఆమె మొగుడు శౌరయ్య మార్కాపురం గనుల నుంచి పలకలు బండి మీద దొనకొండ స్టేషనుకు తోలేవాడు. అతను నెల రోజులు మంచం మీద వణుకుతుంటే సౌభాగ్యమ్మ గుడిలో మోకరిల్లి మొక్కుకుంది. "తల్లీ! ఈయన లేచి తిరిగితే, తపస్సుకాలం మొదలు ఈస్టరు పండుగ దాకా మా బర్రె పాలన్నీ నెయ్యి చేసి నీ దీపానికే పోస్తాను. ఒక్క చుక్క కూడా వేరే నోట పడనియ్యను..." శౌరయ్య లేచాడు. సౌభాగ్యమ్మ మాట తప్పే మనిషి కాదు. కష్టమంతా అక్కడే వచ్చింది.

తపస్సుకాలం మూడో వారం, మంగళవారం మధ్యాహ్నం అత్త ఇన్నాసమ్మ సంగటి ముద్దను పక్కకు నెట్టింది.

"గొంతులో దిగడంలేదు సౌభాగ్యం... ఇంత పాలు పొయ్యమ్మా."

"అత్తా, అవి దేవుని పాలు! నీ కొడుకు ప్రాణానికి మొక్కినవి. నేనెట్ల పొయ్యను? మజ్జిగ పోస్తున్నా గదా!"

"అది మజ్జిగా? బర్రెను కడిగిన నీళ్ళు!"

అంతే! ముసలామె లేచి రెండు చీరలు మూటగట్టింది. "ఈ ఇంట్లో దేవుడే కాపురముంటున్నాడు గదా, ఇంక నాకు చోటెక్కడిది? చిన్నోడింటికి పోతా," అంటూ గడప దాటింది. చిన్న కోడలు లూర్దమ్మ ఇల్లు మూడిళ్ళ అవతలే. ఆ ఇంట్లో అయిదుగురు పిల్లలు, గొడ్డూ లేదు, గోదా లేదు. చిక్కి సగమైన ముసలామె అక్కడ గంజి నీళ్ళతో పండుగ దాకా నిలుస్తుందా? అయినా సౌభాగ్యమ్మ మొక్కు మొక్కే అనుకుని కవ్వం పట్టుకుంది.

ఇంకొక సంగతి చెప్పాలి. తపస్సుకాలంలో పొద్దున్నే, జనం పనులకు పోకముందే, స్వాములవారు, అంటే ఫాదరు, ఊళ్ళో ఉండరు గనుక ఆయన బదులు ఉపదేశి నిత్యానందం గుడిలో ఆ రోజు వాక్యం చదివి వినిపించేవాడు. సౌభాగ్యమ్మ ఒక్కరోజు మానలేదు. కానీ ఏ వాక్యం విన్నా దానికి తగిన గిరాకీని వెతికేది. ధనవంతుడూ లాజరూ కథ విని, "మా కరణానికి వినిపించాలి," అనేది. తప్పిపోయిన కుమారుడి కథ గుంటూరు పోయి ఉన్నదంతా పోగొట్టుకొచ్చిన మరిదికి. ఏడు డెబ్బైల మార్లు క్షమించమన్న మాట లూర్దమ్మకు. వచ్చిన సరుకునంతా పక్కిళ్ళకు పంపేసేది, తన గుమ్మంలో ఒక్క మూట దించుకున్నది లేదు.

బుధవారం పొద్దున నిత్యానందం చదివిన వాక్యం ఇది. తల్లితో, తండ్రితో "నా వల్ల నీకు అందవలసినది దేవునికి ఇచ్చేశాను" అని చెప్పి వాళ్ళను వట్టి చేతులతో నిలబెట్టేవాళ్ళను ప్రభువు గద్దించాడు!

సౌభాగ్యమ్మ ముఖం నల్లబడింది. గుడి బయటికి రాగానే తోటికోడలి చెయ్యి పట్టుకుంది.

"మా ఇంటి గుట్టు ఉపదేశికి మోసింది నువ్వే గదూ!"

"నేనా! నిన్నటి నుంచి అత్తకు గంజి కాసేదానికే సరిపోయె, నీ పాల సంగతి మోసే తీరిక నాకేది అక్కా? నేను మొయ్యాలా ఏంది, మీ అరుపులు ఊరంతా విన్నది!"

సౌభాగ్యమ్మ కన్నీళ్ళతో ఉపదేశి మీదికి తిరిగింది. "ఉపదేశయ్యా! ఇంతమంది ఉండగా నా ఇల్లే దొరికిందా నీకు చదివేదానికి?"

నిత్యానందం పుస్తకంలోంచి ఒక కాగితం తీశాడు. "ఇది చూడమ్మా. ఏ రోజుకు ఏ వాక్యమో స్వాములవారు విభూతి పెట్టిననాడే రాసిచ్చి పోయినారు. మూడో వారం బుధవారానికి ఇదే. పోయినేడూ ఇదే చదివినా. నువ్వు ముందు వరసలోనే కూర్చున్నావు."

"నేనా...? విన్నానా...?"

"విన్నావు. పోతా పోతా నాతో ఏమంటివో గుర్తుందా? 'ఇది తల్లికి కూడు పెట్టని మన ఊరి పెద్దన్నకు బాగా తగిలింది ఉపదేశయ్యా' అంటివి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సౌభాగ్యమ్మ ఇంటికి నడిచింది.

మధ్యాహ్నానికి దొనకొండ నుంచి బండి వచ్చింది. శౌరయ్య జరిగిందంతా విని, తలపాగాతో చెమట తుడుచుకున్నాడు.

"ఆ మొక్కు ఎవరి కోసమే?"

"నీ కోసమే గదా!"

"అయితే బేరంలో నాకూ ఒక మాటుంది. నా ప్రాణానికి మారుగా మా అమ్మ గొంతు ఎండబెడితే ఈ బేరం నాకు గిట్టలేదే సౌభాగ్యం..." ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రం పాలు పితికి, కాచి, గోరువెచ్చని చెంబుతో లూర్దమ్మ ఇంటికి వెళ్ళింది. ముసలామె ముఖం తిప్పుకుంది.

"దేవుని సొత్తు తాగి నేను నరకానికి పోవాల్నా?"

"పాపమైతే నాది అత్తా! స్వాములవారు వచ్చినప్పుడు పాపసంకీర్తనంలో నేనే చెప్పుకుంటా... నువ్వు తాగు!"

ఇన్నాసమ్మ కోడలి ముఖం పట్టి వెలుగుకు తిప్పి చూసింది. "నీ చెంపలేంది ఇట్ల పీక్కుపోయినాయి? నాకైతే ఆ నీళ్ళ మజ్జిగన్నా పోస్తివి. నువ్వు అదీ ముట్టలేదు. నేను చూడలేదనుకున్నావా? నా కొడుకు కోసం నువ్వు కడుపు మాడ్చుకున్నావు... నేనేమో పాల కోసం మూటగట్టుకొస్తిని!"

సగం తాగి చెంబు కోడలి నోటికి పెట్టింది. "తాగు. నువ్వు తాగితేనే ఇంటికొస్తా."

లూర్దమ్మ లోపలి నుంచి ముంత తెచ్చింది. "దీపానికి ఆముదం నేను పోస్తాలే అక్కా. మరియమ్మ తల్లి నెయ్యే కావాలన్నదా ఏంది!"

ఈస్టరుకు ముందటి మట్టలాదివారానికి వచ్చిన స్వాములవారు సంగతంతా విని మొక్కును వారానికి గిద్దెడు నెయ్యికి మార్చి ఇచ్చారు.

ఇక లెక్క. ఇన్నాసమ్మ ఆ ఈస్టరు చూసింది, మరుసటి ఈస్టరూ చూసింది. మూడో ఏడు తపస్సుకాలంలో పెద్దకోడలి ఒడిలో తల పెట్టుకుని కన్ను మూసింది. ఆమెను మట్టి చేసి వచ్చాక సౌభాగ్యమ్మ, లూర్దమ్మ ఒకే మంచం మీద కూర్చుని ఏడ్చారు. సౌభాగ్యమ్మకు మిగిలింది అత్తతో గడిచిన ఆ రెండేళ్ళు. నిండు రెండేళ్ళు.