సౌండ్ లేని ల్యాప్‌టాప్

చెల్లెలు పోయిన రోజు ఆమె బ్యాగు కూడా పోయింది. రోడ్డు దాటుతుండగా తెల్లటి వ్యాన్ వచ్చి గుద్దింది. వ్యాన్‌లోంచి ఒకడు దిగి, పడి ఉన్న మనిషిని చూడకుండా, బ్యాగు మాత్రం తీసుకుని వెళ్ళిపోయాడు. అందులో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేదు. వాళ్ళు వెతుకుతున్న చిన్న ల్యాప్‌టాప్ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఛార్జింగ్‌లో ఉంది. చవకరకం కావడంతో అది నిండడానికి సగం రోజు పడుతుంది. అందుకే ఆమె దాన్ని వదిలి వెళ్ళింది.

అన్నీ అయ్యాక మూడో రోజు పొద్దున్నే పెద్దాయన వచ్చాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. చెల్లెలి అన్నను మాత్రం అక్కడ గొడుగు అంటారు. వానాకాలమైనా ఎండాకాలమైనా చేతిలో నల్ల గొడుగుంటుంది. దాని పిడిలో బటన్ నొక్కితే కొసలోంచి మత్తుసూది దూసుకుపోతుంది. ఇరవై ఏళ్ళ ఫీల్డ్ సర్వీసులో ఆ సూది రెండుసార్లే పనిచేసింది.

పెద్దాయన ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. నగరంలోని ప్రతి పంప్‌హౌస్‌లోనూ ఇలాంటి చిన్న ల్యాప్‌టాప్ ఒకటుంది. నీళ్ళు ఎప్పుడు వదలాలో, వాటిలో క్లోరిన్ ఎంత కలపాలో అదే చూసుకుంటుంది. వాటిని అమ్మిన కంపెనీ వెనక విదేశీ ముఠా ఉందని, డిపార్ట్‌మెంట్ టెక్నికల్ సెక్షన్‌లో పనిచేసే చెల్లెలే కనిపెట్టింది. ఈ సాయంత్రం నాలుగింటికి నీళ్ళు వదిలేటప్పుడు క్లోరిన్ వాల్వులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఆ నీళ్ళు గుక్కెడు తాగినవాళ్ళ గొంతు కాలిపోతుంది. ల్యాప్‌టాప్‌లు పీకేసినా, ఆపేసినా వాల్వులు ఆ క్షణమే తెరుచుకుంటాయి. ఆపగలిగింది ఒక స్టాప్ కోడ్ మాత్రమే. ఆ కోడ్ ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ దాక్కుని ఉంది కాని, కంపెనీ వేసిన ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చూపించదు.

"వేరే సిస్టమ్ వేస్తే ఆ దాచిన డిస్కు బయటపడుతుందని మీ చెల్లెలు చెప్పింది. పంప్‌హౌస్ స్టోర్స్‌లో అడిగి స్పేర్ మెషిన్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నది అందుకే," అన్నాడు పెద్దాయన.

"టెక్నికల్ సెక్షన్‌కి ఇవ్వండి."

"ఆవిడ ఏ దారిలో వస్తుందో ఆ సెక్షన్‌కే తెలుసు. వాళ్ళనెలా నమ్మను?"

"నాకు కంప్యూటర్లు రావు."

"తెలుసు. అందుకే నీమీద ఎవరికీ అనుమానం రాదు."

గొడుగు లేచి ఆమె కుట్టుపెట్టె తెరిచాడు. దారపు ఉండల మధ్య, ఆమె కొత్త సిస్టమ్ ఎక్కించి పెట్టుకున్న పెన్‌డ్రైవ్ ఉంది. దానికి ఎర్ర దారం ముడివేసి ఉంది. ముఖ్యమైనవాటికి ఆమె ఎర్ర దారం కట్టేది. పెద్దాయన దాన్ని చూసి, ఈ పని అయ్యేదాకా మరే కంప్యూటర్‌కీ తగిలించవద్దని ఆజ్ఞాపించాడు.

స్టవ్ రిపేరు మెకానిక్ వేషంలో గొడుగు సేఫ్‌హౌస్‌కి బయల్దేరాడు. మీసం సరిగా అతుక్కోలేదు. మామూలుగా అయితే చెల్లెలు ఎదురుగా నిలబెట్టి, వేలితో నొక్కి, బాగుందో లేదో చెప్పేది. సగం ఊడిన మీసంతోనే బస్సెక్కాడు. ఎవరూ అతనివైపు చూడలేదు.

సేఫ్‌హౌస్ ఒక లాండ్రీ షాపు మీది వాటా. ఇస్త్రీ చేస్తున్న లాండ్రీ ఆయన దగ్గర గొడుగు ఆగి, నీలం చొక్కా మరక పోయిందా అని అడిగాడు. మరకతోపాటు రంగు కూడా పోయిందని ఆయన తలెత్తకుండా జవాబు చెప్పాడు. కోడ్ సరిపోయింది. మెట్లెక్కాడు.

పైన అతనికి రక్షణగా ఒకామె ఉంది. మిత్రదేశపు ఏజెన్సీ పంపిన లైజన్ ఆఫీసర్. ఒక చెవికే ముత్యం పెట్టుకుంటుంది కాబట్టి పేరు ముత్యం. రెండో ముత్యంలో కెమెరా ఉంటుందని డిపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు చెప్పుకునేవారు. ఆమె నడిచివస్తే కారిడార్‌లో ఫైళ్ళు కిందపడేవి. గొడుగును చూసి ఆమె లేచి నిలబడింది. చెల్లెలి గురించి రెండు మాటలు చాలా మర్యాదగా అంది. కంప్యూటర్ విషయంలో తనకు మెయిల్ చూసుకోవడం తప్ప ఏమీ రాదని, తలుపు దగ్గర కాపలా మాత్రం బాగా కాస్తానని చెప్పింది.

గొడుగు ల్యాప్‌టాప్‌ను టేబుల్ మీద పెట్టాడు. దానికి ఉన్న యూఎస్‌బీ పోర్టు ఒక్కటే. హబ్ తగిలించి, దానికి పెన్‌డ్రైవ్, కీబోర్డు, మౌస్ గుచ్చాడు. పవర్ నొక్కగానే, మెషిన్ మొదలయ్యే సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్ళే కీ కొట్టాలి. మెషిన్ ఇచ్చే వ్యవధి రెప్పపాటు కూడా లేదు. కొట్టేలోపే కంపెనీ లోగో వచ్చేసేది. ఆపి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. విసుగు రావాలి కాని రాలేదు. విసుగు ఎక్కడో పక్కగదిలో ఉండిపోయినట్టుంది. చివరికి కీ మీద వేలు పెట్టి ఉంచే పవర్ నొక్కాడు. నీలం తెర వచ్చింది. వేరే సిస్టమ్‌ను రానివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపేశాడు.

ఇదంతా అతను నేర్చుకున్నది కాదు. ఆదివారాలు చెల్లెలు ఇలాంటిదే ఒక పాత డబ్బా ముందేసుకుని కూర్చుంటే, పక్కన కూర్చుని పేపర్ చదివేవాడు. పేపర్ పైనుంచి చూసినవి ఎలా గుర్తున్నాయో ఉన్నాయి. ఈ మెషిన్‌కి లోపల పెద్ద ఇల్లు, గుమ్మం మాత్రం చిన్నదని ఆమె చెప్పేది. ప్రాసెసర్ అరవై నాలుగు బిట్‌లది, బూట్ చేసే ఫర్మ్‌వేర్ ముప్ఫై రెండు బిట్‌లది. గుమ్మానికి సరిపడే చిన్న ఫైలొకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టకపోతే ఏ సిస్టమూ లోపలికి రాదు. ఆ ఫైలు ఆమె పెట్టే ఉంచింది.

ఇన్‌స్టాలర్ వచ్చింది, అయితే అడ్డంగా. చవకగా వస్తుందని నిలువుగా ఉండే టాబ్లెట్ తెర తెచ్చి ల్యాప్‌టాప్‌కి బిగించారు. కంపెనీ సిస్టమ్‌కి ఆ సంగతి తెలుసు, కొత్త సిస్టమ్‌కి తెలియదు. గొడుగు ల్యాప్‌టాప్‌ను పక్కకు పడుకోబెట్టి, పడిపోకుండా మూలనున్న పాత ఇస్త్రీపెట్టె ఆనించి, పని సాగించాడు.

"మెడ పట్టేస్తుందండీ," అంది ముత్యం తలుపు దగ్గర్నుంచి.

"పట్టనివ్వండి," అన్నాడు.

పని ఎంతయిందో చూపే గీత తెరమీద మెల్లగా నిండుతోంది. కిటికీలోంచి ఆవిరి వాసన వస్తోంది. ఒక ఆదివారం జరిగింది అతనికి గుర్తొచ్చింది. చెల్లెలు చాలాసేపు కుస్తీ పట్టి పాత డబ్బా మీద వైఫై తెప్పించింది. తను దుమ్ము తుడుస్తూ దాని మూత వేశాడు.

"మూత వెయ్యకు అన్నయ్యా. ఇంక వైఫై లేవదు. మళ్ళీ రీస్టార్ట్ చేసి మొదట్నించీ ఏడవాలి."

"మూత వేస్తే పాడయ్యేదేమిటే?"

"ఈ డబ్బా మీద ఏదీ దానంతట అది పనిచెయ్యదు. ఏదైనా పనిచేసిందంటే ఎవరో కూర్చుని చేసినట్టే. దీనికింకా సౌండ్ కూడా రాలేదు."

"మరి అదెప్పుడు?"

"తర్వాత చూద్దాంలే."

సిస్టమ్ ఎక్కింది. రీస్టార్ట్ అయింది. తెర తిన్నగా తిప్పుకున్నాడు. పైమూలన వైఫై లేదు, బ్యాటరీ గుర్తు లేదు, స్పీకర్ బొమ్మ మీద అడ్డగీత ఉంది. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఒక ఆడియో ఫైలు కనిపించింది. పేరు 'అన్నయ్యకి'. మిషన్ గురించి ఏమైనా చెప్పిందేమోనని నొక్కాడు. చుక్క ఒకటి గీత మీద ఎడమనుంచి కుడికి నడిచింది. ఏమీ వినబడలేదు. చుక్క చివరికి వెళ్ళేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆ ఫైలును ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, తన నల్ల గొడుగు కుర్చీకే వదిలి లేచాడు.

వాటాలో మొబైళ్ళు నిషేధం. ఇన్‌స్టాల్ అయిందని కింద లాండ్రీ ఫోన్‌లోంచి పెద్దాయనకు చెప్పాలి. లైను చాలాసేపు బిజీ వచ్చింది. దొరికాక, కోడ్ చదవగానే ఫోన్ చెయ్యమని, పంప్‌హౌస్‌ల దగ్గర ఇంజనీర్లు సిద్ధంగా ఉన్నారని ఆయన చెప్పాడు. గోడగడియారంలో నాలుగు కావడానికి పావుగంట కూడా లేదు.

గొడుగు తిరిగి పైకి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. దాచిన డిస్కు కనబడింది. తెరిస్తే అందులో పాతిక ఫైళ్ళదాకా ఉన్నాయి. మొదటిదాని మీద మౌస్ పెట్టేలోపే అది మాయమైంది. రెండోదీ మాయమైంది.

అతను పైమూలకు చూశాడు. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి.

"వైఫై వచ్చిందే," అన్నాడు.

"అవునండీ. దానంతట అదే వచ్చింది."

టేబుల్ అంచున ఆమె పౌడర్ డబ్బా తెరిచి ఉంది. అందులో అద్దం ఉంది, పౌడర్ లేదు. పౌడర్ ఉండాల్సిన చోట వైఫై ఇచ్చే బుల్లి యంత్రం, దానిమీద చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. హబ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రం చుట్టూ ఎవరో ఇప్పుడే ఏదో గుచ్చి తీసిన గీత. తను ఫోన్ దగ్గర నిలబడి ఉన్నంతసేపట్లో, మెయిల్ తప్ప ఏమీ రానామె వైఫైని పనిచేయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసేసింది. చెల్లెలికి సగం ఆదివారం పట్టేది.

"మా చెల్లెలు ఆ రోజు ఏ దారిలో వస్తుందో మీకూ తెలుసు కదూ," అన్నాడు.

ముత్యం చేతిలోకి పిస్టల్ వచ్చింది. గొంతులో మాత్రం మర్యాద పోలేదు. "కీబోర్డు ముట్టుకోకండి. మావాళ్ళు అక్కడినుంచే తుడిచేస్తున్నారు. మొత్తం పోయాక నేను వెళ్ళిపోతాను. ఆ గొడుగు జోలికి కూడా పోవద్దు. దాన్లో సూది ఇందాకే తీసేశాను."

ఫైళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. అతనికి కోపం రావాలి. అది కూడా పక్కగదిలోనే ఉంది.

"సరే," అన్నాడు. ఇంక చూడలేని మనిషిలా చెయ్యి చాపి, ల్యాప్‌టాప్ మూత మెల్లగా దించేశాడు. కీబోర్డు ముట్టుకోలేదు. ఆమె అడ్డుకోలేదు. ఆమె వాడే మెషిన్లలో మూత వేస్తే ఏమీ కాదు.

పౌడర్ డబ్బాలో ఆకుపచ్చ దీపం ఎర్రబడింది.

ఆమె చూపు ఒక్క క్షణం అటు తిరిగింది. గొడుగు తన గొడుగు అందుకుని దాంతో ఆమె మణికట్టు మీద ఒకటి, మోకాలి మీద ఒకటి వేశాడు. సూది లేకపోయినా అది మంచి గట్టి గొడుగు. పిస్టల్ మంచం కిందికి జారింది. ఇస్త్రీపెట్టె తీగతో ఆమె చేతులు కుర్చీకి కట్టేశాక, మూత తెరిచాడు.

వైఫై లేవలేదు. ఒక్క ఫైలు మిగిలింది.

తెరిస్తే పొడుగాటి అంకెల వరుస. రాసుకునే వ్యవధి లేదు. ఛార్జర్ పీకి, తెరిచిన ల్యాప్‌టాప్‌ను కాఫీ ట్రేలాగా రెండు చేతులమీదా పట్టుకుని మెట్లు దిగాడు. బ్యాటరీ ఎంత ఉందో ఈ సిస్టమ్ చెప్పదు. లాండ్రీ ఆయన అప్పటికే నంబరు కలిపి రిసీవర్ పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు చదవడం మొదలుపెట్టాడు. అవతల పెద్దాయన ప్రతి అంకె తిరిగి చెబుతున్నాడు. చివరి అంకె చెప్పి ఊపిరి పీల్చుకునేలోపు తెర నల్లబడిపోయింది. గోడగడియారం నాలుగు కొట్టింది.

ఇద్దరూ మూలనున్న కుళాయి వైపు చూశారు. అది కాసేపు గాలి ఊది, తుప్పురంగు నీళ్ళు కక్కి, తర్వాత తేటబడింది. ఫోన్‌లో పెద్దాయన గొంతు వినబడింది.

"ఆగింది. అన్నీ ఆగాయి."

లాండ్రీ ఆయన బకెట్టు కుళాయి కింద పెట్టి, ఇస్త్రీ చెయ్యడానికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి మనుషులొచ్చి ముత్యాన్ని కిందికి తెచ్చారు. తెల్ల వ్యాన్ ఎక్కడ ఉందో ఆమె మెట్లమీదే చెప్పేసింది. గొడుగు ముందునుంచి వెళుతున్నప్పుడు అతనికి ఆమెను ఒకటి అడగాలనిపించింది. వైఫై అంత తొందరగా తెప్పించినామెకు సౌండ్ కూడా వచ్చేమో. అడగలేదు.

నెల గడిచింది. వ్యాన్ నడిపినవాడు దొరికాడు. పంప్‌హౌస్‌లకు కొత్త మెషిన్లు వచ్చాయి. చిన్న ల్యాప్‌టాప్ మళ్ళీ డైనింగ్ టేబుల్ మీదికి చేరింది. ఒకరోజు పెద్దాయన టీ తాగడానికి వచ్చి, దాన్నీ, ఎర్ర దారం పెన్‌డ్రైవ్‌నూ చూశాడు. ఇప్పుడు నిషేధమేమీ లేదని, ఏ కంప్యూటర్‌కి తగిలించినా ఆ ఫైలు వినబడుతుందని అన్నాడు. గొడుగు తల ఊపాడు.

"జైల్లోంచి ముత్యం కబురు పంపింది. కిటికీ ఉన్న గది ఇస్తే పదినిమిషాల్లో సౌండ్ చేసి పెడుతుందట," అన్నాడు పెద్దాయన.

"ఆవిడ చెయ్యి పడనివ్వను. నేనే చేసుకుంటాను."

"ఎప్పుడు?"

"తర్వాత చూద్దాంలెండి."

ఆయన వెళ్ళాక గొడుగు కప్పులు కడిగి, ల్యాప్‌టాప్ మీద దుమ్ము తుడిచాడు. మూత వెయ్యలేదు. తెరమీద స్పీకర్ బొమ్మ మీద అడ్డగీత అలాగే ఉంది. సౌండ్ డ్రైవర్ ఇంకా వెయ్యలేదు.