గోల్నాకలో మూడో కాపీ

"మేడమ్, ఆ గొడుగు జర పక్కకు తీస్తరా? పెళ్లికూతురు నెత్తి మీద గొడుగు మొలిచినట్టు కనబడుతున్నది!"

ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర, సన్నటి వానలో, కమలాకర్ అరిచాడు. తార్నాకలో అతనికి సొంత ఫోటో స్టూడియో ఉంది. ప్రీవెడ్డింగ్ షూట్ అంటే అతని లెక్కలో మూడు గంటల వెలుతురు, రెండు జతల బట్టలు, ఒకసారి అలిగే పెళ్లికొడుకు. ఆ లెక్కలో ఎర్ర గొడుగుకు చోటు లేదు.

గొడుగు ఇటు తిరిగింది. దాని కింద ఒక అమ్మాయి, ఆమె చేతిలో కెమెరా.

"నేను ఆరింటి నుంచీ ఇక్కడే ఉన్నానండీ. మీ పెళ్లికూతురే నా ఫ్రేములోకి వచ్చింది."

"మీ ఫ్రేముల ఏమున్నది? ఉత్త మెట్లేనాయె."

"సరిగ్గా చూడండి. శివమ్మ ఉంది."

పై మెట్టు మీద ఒకామె చీపురుతో వాననీళ్లను కిందికి నెడుతోంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ మెట్లు ఊడుస్తున్న మనిషి, నెలాఖరుకు రిటైరవుతోంది. ఆ అమ్మాయి పేరు వైదేహి, జర్నలిజం రెండో ఏడు. శివమ్మ ఆఖరి రోజుల పనిని ఫోటోలు తీసి డిపార్ట్‌మెంట్ ఎగ్జిబిషన్‌లో పెట్టాలని ఆమె ప్రాజెక్టు.

"కొట్లాట ఎందుకు బిడ్డా?" అంది శివమ్మ పైనుంచి. "చెరొక దిక్కు తీసుకోండ్రి. మెట్లు మస్తుగున్నయి, ఊడిచేదాన్ని నాకు తెల్వదా?"

ఆ ఉదయం పెళ్లికూతుర్ని ఎన్ని ఫోటోలు తీశాడో కమలాకర్ లెక్క చెప్పగలడు. ఎర్ర గొడుగును ఎన్ని తీశాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత అదే గొడుగు అతని స్టూడియో ముందు ఆరబెట్టి ఉంది. ప్రింట్ల కోసం వచ్చిన వైదేహి కంప్యూటర్ వైపు చూసి నోరు తెరిచింది.

"ఇంకా ఈ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారా? నేను టెన్త్‌లో ఉన్నప్పటిది!"

"ఒక్కసారి కొన్న. నాదైంది. మీదేంది?"

"మంత్లీ ప్లాన్. ఎప్పటికప్పుడు కొత్త టూల్స్ వస్తాయి."

"ఒక నెల కట్టకుంటే?"

"ఎడిటింగ్ ఆగిపోతుంది. కట్టగానే మళ్లీ మొదలు."

"అంటే మీరు కిరాయికున్నరు. తాళంచెవి ఓనర్ దగ్గర."

"మీది సొంతిల్లే లెండి. వాన పడ్డప్పుడు కారే చోటల్లా గిన్నెలు పెట్టుకోవాలి, అంతే. ఆ కొత్త కెమెరా రా ఫైళ్లు ఇందులో తెరుచుకుంటున్నాయా?"

కమలాకర్ చాయ్ గ్లాసులోకి చూశాడు. కొత్త కెమెరా కొని ఆర్నెల్లయింది. దాని రా ఫైళ్ల, అంటే కెమెరా తీసిన మార్పులు లేని అసలు ఫోటోల, సంగతి ఈ పాత సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఒక్కో పెళ్లికి రెండు వేల ఫైళ్లు. అన్నింటినీ ముందు వేరే కన్వర్టర్‌లో మార్చుకుని, ఆ తర్వాత ఇందులో తెరుస్తున్నాడు.

"తెరుచుకుంటయి," అన్నాడు. "జర తలుపు కొట్టాలె."

వైదేహి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, అతను తన వంతు తీసుకున్నాడు.

"మరి మీ బ్యాకప్ ఏడున్నది?"

"క్లౌడ్‌లో. సింక్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది."

"ల్యాప్‌టాప్‌ల పొరపాటున డిలీట్ కొడితే?"

"క్లౌడ్‌లో కూడా..." ఆమె ఆగిపోయింది.

"అద్దం మేడమ్ అది. ఈడ బొట్టు చెరిపితే ఆడ కూడ చెరుగుతది. నా దగ్గర ప్రతి ఫోటోకు మూడు కాపీలు. కంప్యూటర్‌ల ఒకటి, ఈ డిస్కుల ఒకటి, గోల్నాకల మా వనజక్క ఇంట్ల ఒకటి."

"అక్కయ్య కూడా ఫోటోగ్రాఫరా?"

"కాదు. ఆమె డిస్కును బియ్యం డబ్బా పక్కన పెడ్తది. స్టూడియో మునిగినా, దొంగలు పడ్డా, ఆడిదాకా ఎవడు పోలేడు. మా అక్కను మీరు చూడలే."

మర్నాడు వైదేహి కొత్త హార్డ్ డిస్క్ కొనుక్కుని వచ్చింది. అదే రోజు కమలాకర్ ఆమె చెప్పిన మంత్లీ ప్లాన్‌ను ట్రయల్‌కు దించుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

శివమ్మ ఆఖరి రోజున అతను "కాచిగూడల ఆల్బమ్‌లు తేవాలె, పోతూ పోతూ ఆగిన" అంటూ మెట్ల దగ్గర దిగాడు. ఆ వారంలో కాచిగూడకు అది మూడో ప్రయాణం.

సరిగ్గా అప్పుడే వైదేహి కార్డు నిండిపోయింది. అతను తన కార్డుల పర్సులోంచి ఒక ఖాళీ మెమరీ కార్డు ఇచ్చాడు. శివమ్మ చివరి మెట్టు ఊడ్చింది, చీపురు గోడకు ఆనించింది, ఆ మెట్ల మీద కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ కూర్చోలేదట. వైదేహి ఊపిరి బిగబట్టి తీసింది.

"మీ పర్సులోనే ఉండనివ్వండి. రేపు వచ్చి కాపీ చేసుకుంటా," అంటూ కార్డును అతని పర్సులో తనే సర్దింది.

కార్డుల పర్సు విషయంలో ప్రతి ఫోటోగ్రాఫర్‌కూ ఒక పద్ధతి ఉంటుంది. కమలాకర్ పర్సులో స్టిక్కర్ పైకి ఉంటే ఖాళీ కార్డు, బోర్లా ఉంటే నిండింది. వైదేహిది దీనికి ఎదురు. నిండిన కార్డు పేరు కనబడాలి కాబట్టి పైకి పెడుతుంది. సాఫ్ట్‌వేర్ మీద అన్ని రోజులు వాదించుకున్నవాళ్లు ఈ ఒక్క మాటా అడిగి చూసుకోలేదు.

మర్నాడు పొద్దున మెట్టుగూడలో బారసాల షూట్‌కు వెళ్లబోతూ, కమలాకర్ పైకి ఉన్న కార్డులన్నీ ఫార్మాట్ చేశాడు. ఒకదాంట్లో మూడు టెస్ట్ షాట్లు తీశాడు. అప్పుడే వైదేహి వచ్చింది.

"శివమ్మ కార్డు ఇస్తారా?"

అతను పర్సు తెరిచాడు. బోర్లా ఉన్న కార్డు ఒక్కటీ లేదు. కెమెరాలో ఉన్న కార్డు వైపు చూశాక సంగతి అర్థమైంది.

కార్డు దానంతటదే పాడైందని చెప్పవచ్చు. కార్డులు పాడవుతూనే ఉంటాయి, ఆమె నమ్ముతుంది కూడా. ఆ అబద్ధానికి పైసా ఖర్చు లేదు. అయినా, ఆ తర్వాత ఆమె నవ్విన ప్రతిసారీ అది గుర్తుకొస్తుంది. ఆ బేరం అతనికి గిట్టుబాటు కాలేదు.

"నేనే ఫార్మాట్ చేసిన," అన్నాడు.

వైదేహి స్టూలు మీద కూలబడింది. "ఎల్లుండే ఎగ్జిబిషన్. శివమ్మ పొద్దున్నే ఊరెళ్లిపోయింది. మూడు కాపీల మనిషి కదా మీరు!"

"తర్వాత తిట్టుండ్రి, ఎంతసేపన్నా వింట. ముందు ఈ కార్డు మీద ఇంకొక్క ఫోటో పడొద్దు. ఫార్మాట్ అంటే పుస్తకంల విషయసూచిక చింపినట్టు. లోపలి పేజీలు ఉంటయి, మీద కొత్తవి రాయనంతవరకు."

షూట్‌కు అసిస్టెంట్‌ను వేరే కార్డులతో పంపి, రికవరీ ప్రోగ్రామ్ నడిపించాడు. టెస్ట్ షాట్లు మీద పడ్డ మొదటి మూడు ఫోటోలు సగం బూడిదరంగులో వచ్చాయి. వైదేహి స్టూలు అంచును గట్టిగా పట్టుకుంది. నాలుగోది నిండుగా వచ్చింది. ఆ తర్వాత వరసగా మెట్లు, చీపురు, చివరికి కూర్చున్న శివమ్మ.

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది. అతను ఆ ఫోటోను ఒక కొత్త గుర్తు నొక్కి తెరిచాడు.

"ఇది నా మంత్లీ ప్లాన్ కదూ?"

"ట్రయల్."

"తలుపు కొట్టకుండానే తెరుచుకుందే!"

ప్రోగ్రామ్ ఆగలేదు. కార్డు అడుగుదాకా తవ్వి, అంతకు ముందటి ఫోటోలు కూడా పైకి తీయసాగింది. ఒక ఎర్ర గొడుగు. ఇంకో ఎర్ర గొడుగు. గొడుగు కింద కోపం, వానలో నవ్వు, చెవి వెనక్కి తోసుకున్న జుట్టు. కమలాకర్ చెయ్యి మౌస్ మీదికి వెళ్లేలోపే వైదేహి దాన్ని లాక్కుంది.

"ఇవేంటి?"

"లైట్ టెస్టింగ్."

"ముప్పై ఒక్కసార్లా?"

"వాన కదా. లైట్ మారుతుంటది."

ఆమె మళ్లీ మొదటి గొడుగు ఫోటో తెరిచింది. తర్వాత మెల్లగా, "డిలీట్ చేసేశారన్నమాట," అంది.

"కార్డుల నుంచే. మూడు కాపీలున్నయి."

"గోల్నాకలో కూడానా?"

అతను తల గోక్కున్నాడు.

"అంటే మీ అక్కయ్యకు తెలుసా?"

"డిస్కుల ఏమున్నదో చూడంది బియ్యం పక్కకు పెట్టదు. 'ఎర్ర గొడుగు పిల్లను ఎప్పుడు తోలుకొస్తవ్‌రా' అని దినాం ఫోన్."

"మీరేమన్నారు?"

"కస్టమర్ అన్న."

"కస్టమరా!"

"మరేమనాలె? మిమ్ముల అడగలేదాయె." అతను మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "పెళ్లి ఫోటోలల్ల పదిట్ల తొమ్మిది తీసేస్త నేను. ఈ ముప్పై ఒక్కటిట్ల ఒక్కటి తీసేయనీకి చేతులు రాలే, వైదేహీ. అంతకన్న నాకు చెప్పరాదు."

వైదేహి తన హార్డ్ డిస్క్ తీసి తగిలించింది. శివమ్మ ఫోటోలు కాపీ అవుతుంటే, రీడర్‌లోంచి కార్డు తీసి పర్సులో స్టిక్కర్ పైకి వచ్చేలా పెట్టింది.

"ముందు ఇది తేల్చు. నిండిన కార్డు పైకా, బోర్లానా?"

ఆమె 'తేల్చండి' అనకుండా 'తేల్చు' అనగానే అతని పదేళ్ల పర్సు అలవాటు ఒక్క క్షణంలో పోయింది. "పైకే."

"నీ కంప్యూటర్లో ఒకటి, నా డిస్కులో ఒకటి. శివమ్మ ఫోటోల మూడో కాపీ ఎక్కడ?"

"గోల్నాక. సాయంత్రం ఇచ్చొస్త."

"వద్దు. నేనే ఇస్తా."

ఆమె అతని ఫోన్ తీసుకుని వనజక్క పేరు నొక్కింది. "అక్కా, నేను... ఎర్ర గొడుగు."

 అటునుంచి వచ్చిన గొంతు స్టూడియో అంతా వినబడింది.

"రా బిడ్డా! ఇప్పుడే రా! నువ్వొస్తే జాగ చాలదని పొద్దుగాలనే బియ్యం డబ్బా జరిపిన!"